టేపులక్క

ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. నిన్నగాక మొన్న చేరినవాళ్ళ దగ్గర్నుంచి పాతకాపుల దాకా అందరికీ టేపులక్కే.

లిఫ్టులు తయారుచేసే పెద్ద కంపెనీ అది. ఏ భవనంలో ఏ లిఫ్టు బిగించారు, దాని తాడు మందమెంత, మోటారు కొలతలేమిటి, అన్నీ కంప్యూటరు టేపుల మీదే ఉండేవి. ఆరువేల పైచిలుకు చుట్టలు, ఒక్కొక్కటి పళ్ళెమంత. వేడి తగిలితే టేపులు పాడవుతాయని ఆ గదిని ఎప్పుడూ చల్లగా ఉంచేవాళ్ళు. ఆ చలికి జడిసి అంతకుముందు ఇద్దరు తప్పుకున్నారు. టైపిస్టుగా చేరిన ఆమెను ఇరవై రెండో ఏట అందులో వేస్తే, మండుటెండల్లోనూ స్వెట్టరు చంకన పెట్టుకుని బయల్దేరేది. "లోకమంతా వడదెబ్బకి భయపడుతుంటే నీదంతా తిరకాసే" అని నవ్వేవాడు భర్త. ఆయన కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్కు.

ఏ చుట్ట ఏ అరలో ఉందో ఆమెకు కంఠతా వచ్చు. ప్రతి సాయంత్రం ఆ రోజు నకలును ఇనప పెట్టెలో పెట్టి, వీధి అవతలి భవనానికి తనే మోసుకెళ్ళేది. ఇక్కడ నిప్పంటుకున్నా అక్కడొకటి మిగలాలని. వానొస్తే గొడుగు పెట్టెకి పట్టి, తను తడిసేది.

ఇరవై ఆరేళ్ళు ఇట్టే గడిచాయి. అప్పుడొచ్చింది డిస్కుల బీరువా. ఆరువేల టేపుల్లో ఉన్నదంతా దాని కడుపులో పట్టి, ఇంకా చోటు మిగులుతుందట. దాన్ని చూసుకోడానికి వచ్చిన ఇంజనీరమ్మాయి చురుకైన పిల్ల.

"నకలైన టేపు పారేద్దామక్కా. అయిపోయిందని తెర మీద చూపిస్తోందిగా."

"చూపిస్తే సరా తల్లీ? తిరిగి చదివి చూస్తేనే రాసినట్టు."

అమ్మాయి లోలోపల గొణుక్కుంది. మొదటి వారంలోనే నాలుగు నకళ్ళు సగం ఖాళీగా తేలేసరికి గొణుగుడు మానేసింది. ఎనిమిది నెలలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదివించారు. ఆఖరికి అన్నిటికన్నా పాతవి పదకొండు మిగిలాయి. వాటిని చదివే యంత్రం ఒక్కటే ఉంది, అందులో టేపును లాగే రబ్బరు చక్రం కరిగి బంకైపోయింది. ఆ యంత్రం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"పదకొండే కదమ్మా, వదిలెయ్" అన్నాడు పెద్దసారు.

"ఆ లిఫ్టుల్లో ఇంకా జనం ఎక్కుతున్నారు సార్."

ఆ సాయంత్రం ఆమెకు ముద్ద దిగలేదు. భర్త కూపీ లాగి సంగతి విన్నాడు. "చక్రమేగా. ఆ పాతది పట్రా, చూస్తాను" అన్నాడు.

తన కొట్లోని చిన్న లేతు మీద కొత్తది చెక్కి ఇచ్చాడు. టేపు జారిపోయింది. రెండోది టేపును కదలనివ్వకుండా పట్టేసింది. "ఇలా దూరాన్నుంచి వైద్యం కుదరదు" అంటూ మూడోదాన్ని జేబులో వేసుకుని తనే వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ గది గడప తొక్కడం అదే మొదలు. చక్రం బిగించి, యంత్రానికి చెవి ఆనించి, ఆకురాయితో రెండుసార్లు సుతారంగా గీసి, మళ్ళీ విన్నాడు.

టేపు కదిలింది. తెర మీద అంకెలు బారులు తీరాయి. ఇంజనీరమ్మాయి "బాబాయ్" అని ఆయన చెయ్యి పట్టేసుకుంది.

ఆయన మాత్రం భార్యను చూస్తున్నాడు. "ఇంత చలిలోనా నువ్వు కూర్చునేది? ఒక్కనాడూ చెప్పలేదేం?"

"చెబితే నువ్వు మాన్పించేవాడివి" అందామె.

పదకొండులో తొమ్మిది దక్కాయి. రెండు చెరిగిపోయాయి. ఆ లిఫ్టుల దగ్గరికి కంపెనీ మనుషుల్ని పంపి, కొలతలు చేత్తో తీయించింది. ఆ రెండింటి సంగతి ఎత్తితే ఆమె మొహం ఇప్పటికీ చిన్నబోతుంది.

బీరువాకీ ఆ చలి తప్పదు కాబట్టి ఆమె ఆ గదిలోనే ఉండిపోయింది. చక్రం బిగించిన మర్నాటినుంచి ఆమె రిటైరయ్యేదాకా, తొమ్మిదేళ్ళు, మధ్యాహ్నం కాగానే ఆయన కొట్టు మూసి క్యారియరుతో వచ్చేవాడు. మెట్ల మీద ఎండ పడే చోట చూసి కూర్చునేవాళ్ళు. ఆమె వేళ్ళు వెచ్చబడేదాకా ఆయన మూత తీసేవాడు కాదు.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఉద్యోగం గురించి మనవరాలు అడిగితే ఆమె బీరువా సంగతీ, ఆరువేల చుట్టల సంగతీ రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. ఆ మెట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం కథ ముందుకు నడవదు. అన్నం చల్లారిపోతుందని తను తొందరపెట్టడం, ఆగవే అని ఆయన కసరడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాల్సిందే.