ముందు నువ్వు మొదలుపెట్టు

డెబ్బయ్యో దశకంలో బెజవాడలో ఇంగ్లీషు భోజనం పెట్టే హోటలొకటి వెలిసింది. ఏసీ హాలు, మసక దీపాలు, గాజు గ్లాసుల్లో పువ్వుల్లా మడిచి పెట్టిన గుడ్డలు. మా ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడికి పెళ్ళి కుదిరింది. ఆ సంతోషంలో నన్నూ ఇంకో ఇద్దరినీ అక్కడికి విందుకు పిలిచాడు.

"నువ్వు రాకపోతే మేము గుమ్మం కూడా ఎక్కం గురూ. కత్తీ ఫోర్కూ మీ ఇళ్ళల్లో మామూలే కదా!" అన్నాడు నాతో.

మేము క్రైస్తవులం. అందుకని మా అమ్మ గోంగూర పచ్చడి కూడా ఫోర్కుతోనే తింటుందని వాడి నమ్మకం. మా నాన్న ఉయ్యూరు దగ్గర ఒక రైతు ఇంట్లో పాలేరు. మా పేటకు వచ్చే మిషను దొరసాని సైతం మా చాప మీద బాసింపట్టు వేసుకుని చేత్తోనే కలుపుకు తినేది. నేను ఫోర్కును సినిమాల్లో తప్ప చూడలేదు. ఆ మాటే చెప్పాను. "ఊరుకోవోయ్, మరీ వినయం!" అన్నారు. వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది.

అయినా వెళ్ళాను. నాకు కావలసింది ఆ హోటలు కాదు, వాడి పెళ్ళి. ఆఫీసులో అందరికీ శుభలేఖలు పంచాడు, నాకింకా ఇవ్వలేదు. గుడివాడ దగ్గర వాళ్ళ ఊళ్ళో, అరిటాకులు పరిచిన బంతిలో, వాడి చుట్టాల మధ్య కూచుని తినాలని నా ఆశ. మా నాన్న కంచం రైతు గొడ్ల సావిడి చూరులో దోపి ఉండేది. ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక ఆ కంచం తీసి కడుక్కుని, గొడ్ల పక్కనే తినేవాడు. పోయేదాకా అంతే. ఆ కంచం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఒక్కసారి ఆయన కొడుకు బంతిలో కూచుంటే ఆ మంట కొంచెం చల్లారుతుందనుకున్నాను. కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాను.

సూపు వచ్చింది. అలవాటు కొద్దీ తల వంచి, కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ముగ్గురూ తలలు వంచి కళ్ళు మూసుకుని ఉన్నారు. ఇంగ్లీషు భోజనానికి అదో పద్ధతి అనుకున్నారు పాపం! నేను కంగారులో పట్టిన చెమటను గ్లాసులో గుడ్డతో తుడుచుకుంటే, ముగ్గురూ చెమట లేని మెడలు తుడుచుకున్నారు. తర్వాత కోడికాలు వచ్చింది. కత్తి పెట్టగానే అది జారి పక్కవాడి ఒళ్ళో పడింది. అందరం పగలబడి నవ్వాం. ఆ కాసేపు వాళ్ళంటే నాకు నిజంగానే ప్రేమ కలిగింది.

ఆ నవ్వుల్లో ధైర్యం వచ్చి అడిగేశాను. "అయితే పెళ్ళికి మేం ముగ్గురం ఒకే బస్సెక్కుతాం. ముందురోజే రమ్మంటావా?"

వాడి నవ్వు ఆగింది. మిగతా ఇద్దరూ ప్లేట్లలోకి చూశారు. వాళ్ళకు ముందే తెలుసన్నమాట.

"అది కాదు గురూ, నాకైతే ఏ పట్టింపూ లేదు, నీకు తెలుసుగా. మా నాయనమ్మ, మా పెదనాన్నగారూ... పల్లెటూరు కదా. బంతిలో ఎవరైనా 'ఎవరబ్బాయివి' అని అడిగారనుకో, నువ్వే ఇబ్బంది పడతావు. పెళ్ళయ్యాక మా ఆవిణ్ణి తీసుకొచ్చి నీకు ఇక్కడే మళ్ళీ విందిస్తాను. ఫోర్కు పట్టుకోవడం దానికి నువ్వే నేర్పాలి."

నా ఇబ్బంది మీద వాడికెంత దయ! మా పేటలో తిట్టే తిట్టొకటి నాలుక చివరిదాకా వచ్చింది. వాడి డబ్బుతో తిన్న కోడి గొంతులో ఉండగా దాన్ని మింగేశాను.

బేరరు ఐస్‌క్రీమ్ తెచ్చి నలుగురి ముందూ పెట్టాడు. పక్కన చిన్నదొకటి, పెద్దదొకటి చెంచాలు. వాళ్ళు ఏదీ ముట్టుకోలేదు.

"ముందు నువ్వు మొదలుపెట్టు" అన్నాడు వాడు, ఏమీ జరగనట్టు.

నా చేతులు ఒళ్ళోంచి లేవలేదు. అలాగే కూచున్నాను. ఐస్‌క్రీమ్ అంచులు జారి, కప్పులో నీళ్ళపాలలా అయింది. కరిగాకే తినాలి కాబోలనుకుని వాళ్ళు ముగ్గురూ చేతులు కట్టుకుని నా వంకే చూస్తూ కూచున్నారు.