ఎనిమిది అడుగుల వంటిల్లు, ఒక లెన్సు

బుల్లమ్మ పెద్దకర్మ నాడు కళింగపట్నంలో వాళ్ల ఇంటి ముందు షామియానా వేసి, కుర్చీ మీద ఆమె ఫొటో పెట్టారు. కూతురు గౌరి స్నానం చేసి వచ్చి చూసేసరికి చుట్టూ జనం మూగి ఉన్నారు. ఫొటోలో ఎర్ర పట్టుచీర, మెడలో రెండు పేటల హారం, చేతినిండా గాజులు, వెనక సోఫా. ముఖం మాత్రం తల్లిది. ఆధార్ కార్డులోంచి కోసి అతికించారు. మెడ దగ్గర ఒంటి రంగు మారిపోయింది.

"ఎవర్దన్నా ఈ ఒళ్లు?" అంది గౌరి.

అన్న ఎర్రన్న చిన్నగా నవ్వాడు. "స్టూడియోవోడు సేసినాడే. అమ్మ మారాణిలాగుంది కదేటి?"

"నలభయ్యేళ్లు ఎండుసేపల గంప మోసింది అమ్మ. ఏ మారాణి మోసిందిరా గంప? తియ్, దీన్ని ఇక్కణ్ణించి తియ్!"

అన్నను ఆమె ఎన్నడూ 'రా' అనలేదు. ఎర్రన్న ముఖం ఎర్రబడింది.

"తీసెత్తాను. అమ్మ ఫొటో ఇంకోటి ఉంటే సూపించు మరి. నీ దగ్గరొకటుందేటి?"

లేదు. గౌరి పెళ్లి ఆల్బమ్‌లో బుల్లమ్మ ఒకేచోట కనిపిస్తుంది, అదీ వీడియో లైటు కర్ర వెనక సగం భుజం. ఫోన్లో తీసినవి ఆ ఫోను నీళ్లలో పడినప్పుడే పోయాయి. ఆ రోజు ఆ ఫొటోకే దండ వేశారు.

అది 2014. గౌరికి అప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. రాజాంలో ఓ ప్రైవేటు కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటు. రాజాం తిరిగొచ్చాక నెల రోజులు ల్యాబులో లెన్సులు తుడుస్తూ స్టూడియోవాణ్ణి తిట్టుకుంది, అన్నను తిట్టుకుంది, వాళ్లిద్దరికంటే ఎక్కువగా తనను తాను తిట్టుకుంది. ఆ తర్వాత ఒక ఆదివారం ల్యాబులోని టేపు సంచిలో వేసుకుని కళింగపట్నం వెళ్లి, పుట్టింటి వంటిల్లు కొలిచింది. పొయ్యి నుంచి ఎదురు గోడకు ఎనిమిది అడుగులు. తండ్రి రాముడు పగలంతా కూర్చునేది ఆ పొయ్యి పక్కనే. వెలుతురు వచ్చేది ఒక్క కిటికీలోంచే.

మరుసటి వారం భర్త జగన్నాధంతో కలిసి శ్రీకాకుళంలో కెమెరాల షాపుకు వెళ్లింది. షాపాయన ఆమెను దాటి జగన్నాధం వైపు చూస్తూ చేయంత పొడుగు లెన్సు బల్ల మీద పెట్టాడు.

"ఈ జూమ్ తీస్కోండి సార్. ఒడ్డున నిలబడి సముద్రంలో పడవ మీదోడి మీసాలు కూడా తియ్యొచ్చు."

"నాతో మాటాడండి. కొంటన్నది నేను," అంది గౌరి. "నాకు పడవలొద్దు. మా అయ్య పడవ దిగి ఆరేళ్లయింది. ఆయన్ని ఇంట్లో తియ్యాల."

"ఇంట్లో అయితే ఫ్లాష్ ఏస్కోండమ్మా."

"రెండు కళ్లకీ శుక్లాలు తీసినారు. ఫ్లాష్ పడితే కళ్లు మూసేత్తాడు. కళ్లు మూసుకున్న మనిషి ఫొటో నాకెందుకు?"

ఆయన మళ్లీ జగన్నాధం వైపు తిరిగాడు. "మీరు సెప్పండి సార్. లేడీస్‌కి ఈ నంబర్లు అర్థం కావు."

గౌరి అరచేత్తో బల్ల మీద కొట్టింది. షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"పదిహేనేళ్లుగా లెన్సులు తుడిసి పిల్లల సేతికిస్తన్నాను. వాటి నాభ్యంతరం కొలిపిస్తన్నాను. నంబర్లు నాకు సెప్తావేటి నువ్వు?"

జగన్నాధం మెల్లగా, "ఆవిడకే ఎరిక. ఆవిడడిగింది ఇవ్వండి," అన్నాడు.

గౌరి అతన్ని నేల మీద కూర్చోబెట్టి, ఎనిమిది అడుగులు కొలుచుకుని నిలబడింది. యాభై మిల్లీమీటర్ల లెన్సులోంచి చూస్తే భర్త ముఖం, ఛాతీ తప్ప మరేం కనపడలేదు. ముఖం అందంగానే ఉంది. అయితే ముఖం ఒక్కటే అయితే అది మళ్లీ ఆధార్ కార్డే. చేతులు కావాలి, పక్కన పొయ్యి కావాలి. ముప్పై అయిదుతో చూసింది. మనిషంతా వచ్చాడు, పక్కన స్టూలు కూడా వచ్చింది. లెన్సు లోపలి రంధ్రం మసక వెలుతురుకు సరిపడేంత వెడల్పుగా తెరుచుకుంటుంది కూడా.

"దీంతో దూరానివి రావమ్మా," అన్నాడు షాపాయన.

"దూరానివి నాకక్కర్లేదు."

కెమెరాతో పాటు ఆ ఒక్క లెన్సే కొంది.

మొదటి ఆదివారం తీసినవన్నీ పాడయ్యాయి. గోడ స్పష్టంగా వచ్చింది, తండ్రి మసకగా వచ్చాడు. రెండో ఆదివారం రాముడు ముఖం తిప్పేసుకున్నాడు.

"అయ్యా, ఓసారి ఇటు సూడు."

"మీయమ్మ ఉన్నప్పుడు ఎక్కడికెళ్లిపోనావే ఈ కెమెరా అట్టుకుని?"

గౌరి కెమెరా ఒళ్లో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది. "అదే అయ్యా నా కోపం. నీ మీదా కాదు, అన్న మీదా కాదు," అంది. రాముడు చిరిగిన వల ఒళ్లోకి లాక్కుని అల్లడం మొదలెట్టాడు. గౌరి తీసింది. ఈసారి వేళ్లు స్పష్టంగా వచ్చాయి, కళ్లు తెరిచే ఉన్నాయి.

ఆ ఏడాదంతా ఆదివారాలు అలాగే సాగాయి. ఎర్రన్న భార్య అనూరాధ మొదట్లో నవ్వేది. తర్వాత తన పని తాను చేసుకోవడం అలవాటు చేసుకుంది. ఒకరోజు నెత్తళ్ల చేపలు కడుగుతుంటే తీసిన ఫొటో గౌరి ప్రింటు వేయించి తెచ్చింది. చెదిరిన జుట్టు, మోచేతుల దాకా పొలుసులు, భుజం దగ్గర చిరిగిన జాకెట్టు. ఎర్రన్న చూసి మండిపడ్డాడు.

"మా ఇంటి ఆడదాన్ని సిరిగిన జాకెట్టుతో తీస్తావేటే? నలుగురూ సూస్తే ఏటనుకుంటారు?"

గౌరి నోరు తెరిచేలోపే అనూరాధ లేచింది.

"నానే తియ్యమన్నాను. ఆ జాకెట్టు సిరిగిందని నీకు ఇయ్యాల కనపడిందేటి? ఏడాదైంది సిరిగి."

ఫొటోను మొగుడి చేతిలోంచి లాక్కుని, పమిటకొంగుతో తుడిచి, రేషన్ కార్డున్న ప్లాస్టిక్ కవరులో పెట్టి పెట్టెలో దాచేసింది. సాయంత్రం గౌరి బస్సుకు బయల్దేరుతుంటే వదిన గుమ్మం దాకా వచ్చి, "వచ్చే ఆదివారం మాయమ్మొస్తాది. ఆవిణ్ణి కూడా తియ్యి," అంది.