మావాడి మీద సినిమా

మావాడి మీద సినిమా వచ్చిందని మా కాలేజీ స్టాఫ్ రూములో విన్నాను. పేర్లు మార్చారు, ఊరిని హైదరాబాదు చేశారు. అయినా నరసరావుపేటలో అందరికీ అది మావాడి కథే. పత్తి జిన్నింగు మిల్లుతో మొదలుపెట్టి, ఫైనాన్సు కంపెనీ తెరిచి, ఎక్కువ వడ్డీ ఆశ చూపి పల్నాడంతా డిపాజిట్లు దండుకొని, చెప్పాపెట్టకుండా ఊరు విడిచిపోయిన పెద్దమనిషి వాడు. కొన్ని నెలల తర్వాత గోవాలో దొరికాడు.

వాడూ నేనూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. వాడికి కార్లొచ్చాయి, మేడలొచ్చాయి. నేను లెక్కలు చెప్పుకుంటూ అద్దె ఇంట్లో మిగిలాను. పెళ్లి చేసుకోలేదు. వాడు మాత్రం సాయంత్రం డ్రైవర్ని పంపేసి మా ఇంటికి వచ్చేవాడు. ఇద్దరం కోటప్పకొండ రోడ్డు మీద నడుస్తూ, దోవలో బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తినేవాళ్లం. వ్యాపారం మాట వాడు ఎత్తేవాడు కాదు, నేను అడిగేవాణ్ణి కాదు. మా చిన్ననాటి మాస్టార్లను అనుకరించి నవ్వించేవాడు.

వాడు పారిపోయాక ఊళ్లో అందరికీ డబ్బు పోయింది. నాకు మనిషి పోయాడు. ఆ సంగతి ఎవరితో చెప్పుకోను? నాది ఒక్క రూపాయి కూడా పోలేదని తెలిసి జనం నన్ను మరింత అనుమానించారు. పక్కింటి పిన్ని భర్త పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీలో పనిచేస్తూ చనిపోయాడు. వచ్చిన పరిహారమంతా ఆమె మావాడి కంపెనీలోనే వేసింది. అంతకుముందు ఏ కూర వండినా నాకింత గిన్నెలో తెచ్చిపెట్టే మనిషి, మాటలు మానేసింది. నేను కనబడితే తలుపు వేసుకునేది.

సినిమా వచ్చిన రెండో వారం ఆమే మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

"ఆడి కథంట గదా. నన్ను తీసుకపో అబ్బాయ్," అంది.

మ్యాటినీకి వెళ్లాం. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. తెర మీద షావుకారు విమానాల్లో తిరుగుతున్నాడు, ఫైళ్లు తగలబెడుతున్నాడు, అడ్డొచ్చిన ఆడిటరును చంపిస్తున్నాడు. మావాడు ఎవర్నీ చంపలేదు. రక్తం చూస్తే వాడికి కళ్లు తిరుగుతాయి. ఆ షావుకారుకు ఒక స్నేహితుడున్నాడు, కళ్లద్దాల మనిషి. దొంగ లెక్కలన్నీ రాసిపెట్టేది అతనే. అతను కనిపించినప్పుడల్లా పిన్ని నా వైపు తిరగడం ఆ చీకట్లో కూడా తెలుస్తోంది. నేను కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను. మిగతా సినిమా నాకు మసకగానే కనిపించింది.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆమె అడిగింది.

"నీకు నిజంగా తెలవదా?"

"తెలవదు పిన్నీ."

"రోజూ కలిసి తిరిగినోడివి. అంత పక్కనుండి తెలవకపోతే అదేం స్నేహం?"

ఆటో వస్తే చెయ్యెత్తి ఆపాను.

ఆ మాటే నన్ను గుంటూరు జైలు దాకా తీసుకెళ్లింది. అప్పటిదాకా వాణ్ణి చూడటానికి వెళ్లలేదు. ఇనప జాలీ వెనక వాడు బాగా చిక్కిపోయి ఉన్నాడు. రంగు వేసుకోవడం మానేసేసరికి జుట్టంతా తెల్లబడింది. ముందు సినిమా గురించే అడిగాడు, తన వేషం ఎవరు వేశారని. చెబితే, అంత అందగాడా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా పిన్ని డబ్బు కూడా ఎందుకు తీసుకున్నావని అడిగాను. ఎవరిది ఎంతో తను చూసుకోలేదన్నాడు, తల వంచుకుని.

"మరి డబ్బు వెయ్యమని నన్నెప్పుడూ అడగలేదేందిరా?"

తలెత్తి నన్ను చూశాడు.

"నీ దగ్గర గూడా తీసుకుంటే, సాయంత్రం పూట యాడికి పోవాల్రా?" అన్నాడు.

తిరుగు బస్సులో అదే ఆలోచన. వాడు నిజం చెప్పాడో, అందరికీ వడ్డీ ఆశ చూపినట్టు నాకూ ఒక ఆశ చూపాడో తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు.

తర్వాత వాడికి బెయిలొచ్చిందని పేపర్లో చదివాను. ఊళ్లోకి రాలేదు, ఫోనూ చేయలేదు. పిన్ని ఇల్లు ఖాళీ చేసి వెల్దుర్తిలో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరింది. అక్కడ మిరపకాయలు కోయడానికి కూలికి పోతానంది. వెళ్లేముందు ఓనరుకిమ్మని తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"ఒక్కడివే మూలన కూచోబాకయ్యా. ఎవరితోనన్నా మాట్లాడతా ఉండు," అంది.

ఎవరితో అని అడగబోయాను. ఆమెకు బస్సు టైమవుతోందని ఊరుకున్నాను.