వాగులోకి ముందు దిగినవాళ్లు

మా పాలెం చర్చికి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయనగా, ఎనభైల్లో ఒక ఏడాది, సంఘ పెద్దలకు ఉన్నట్టుండి చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మార్టూరు నుంచి నల్లరాయి తెప్పించి, మొట్టమొదట బాప్తిస్మం పొందినవాళ్ల పేర్లు చెక్కించి గోడకు పెట్టాలన్నారు. రాసే పని నాకు అప్పజెప్పారు. నేను బడిపంతుల్ని, ఊళ్లో జీతం లేని పనులన్నీ నావే.

పాత రిజిస్టరు దించాం. మొదటి పేజీలో నలుగురు మగవాళ్ల పేర్లు, ప్రతి పేరు పక్కనా ‘భార్య’ అని ఒక ముక్క. అందరూ ఒకే రోజు, ఒకే వాగులో మునిగినవాళ్లే. ఎవరు ముందో చెప్పే వరస అంకెల్ని మాత్రం చెదలు శుభ్రంగా తినేశాయి. ఇక చూడండి తమాషా! మా తాత ముందంటే మా తాత ముందని నాలుగు ఇళ్లవాళ్లూ కమిటీలో బల్లలు గుద్దారు. ఆ తాతల సమాధులకు ఏనాడూ సున్నం కొట్టిన పాపాన పోలేదు ఒక్కడూ. నేనేమన్నా తక్కువ తిన్నానా? ఆ నలుగురిలో ఒకడు మా తాతే. నా చిత్తుప్రతిలో ఆయన్ని చడీచప్పుడూ లేకుండా మొదట కూర్చోబెట్టాను.

ఆ రోజు కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది ఒక్క ముసలమ్మ. నాకు మేనత్త వరస. వెళ్లేసరికి వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకి తుమ్ముతూనే సంగతి అడిగాను. ముందు దిగినవాడికి రేపట్నుంచి చేలో పని ఉండదని ఆసాములు గట్టు మీద నిలబడి చెప్పారట. బాప్తిస్మమిచ్చే మిషను దొరగారు మొలలోతు నీళ్లలో చేతులు చాపి నిలబడితే, నువ్వు దిగంటే నువ్వు దిగమని నలుగురు మగాళ్లూ ఒకరి వెనక ఒకరు నక్కారట.

“మా అమ్మ దిగింది అల్లుడూ. నా చెయ్యి వదిలించుకుని, కొంగు బిగించి దిగింది. ఆవిణ్ణి చూసి సిగ్గేసి వీళ్లు దిగారు.”

ఆ పైన రెండేళ్లు ఆ తల్లిని ఎవరూ కలుపుకి పిలవలేదట. ఇప్పుడీవిడ అడిగింది ఒక్కటే. ఆ రాతి మీద వాళ్లమ్మ ఉండాలి; తను పోయేలోగా ఒక్కసారి చేత్తో తడుముకోవాలి.

పేరు చెప్పమన్నాను. తొడిమలు తీసే చెయ్యి ఆగింది. వాళ్ల నాన్న ఒసేయ్ అనేవాడు, ఊరు ఫలానావాడి పెళ్లాం అనేది, తను అమ్మా అనేది. “అమ్మకి వేరే పేరుంటదని అనుకోలేదు అల్లుడూ” అంది. కన్నతల్లి పేరు తెలియదా అని విసుక్కుంటూ ఇంటికొచ్చాను. తీరా మా నాయనమ్మ పేరు గుర్తుచేసుకోబోతే నాకూ రాలేదు. సిగ్గుతో చచ్చాను.

మా తాతని మొదటి చోటు నుంచి దింపి, అక్కడ ఆ తల్లిని పెడతానని కమిటీలో చెప్పాను. తక్కిన మూడు ఇళ్లవాళ్లూ మహా సంతోషించారు. కానీ పేరు లేని మనిషిని ఎలా చెక్కిస్తాం మాస్టారూ అన్నారు. ఫలానావారి భార్య అందామంటే, అప్పుడా ఇంటి తాతే ముందైపోతాడన్నారు. ఒక తల్లి అని రాద్దామంటే, మా ఇళ్లలో తల్లులు లేరా అన్నారు. చివరికి ఏ గొడవా లేకుండా, మొదలూ చివరా తెలియకుండా, నలుగురి పేర్లూ గుండ్రంగా చెక్కించారు. పైన ‘దేవునికే మహిమ కలుగునుగాక’ అని ఒక వరస.

పండుగ రోజు అయ్యగారు ప్రార్థన చేసి రాతి మీద గుడ్డ తీశారు. మా అత్త ఉతికిన చీర కట్టుకుని, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆవిడకి చదువు రాదు.

“మా అమ్మ ఎక్కడుంది అల్లుడూ?”

మిరపకాయలకి ఎర్రబారిన ఆ వేలు పట్టుకుని పై వరస మీద పెట్టాను. ఇదిగో, అందరికన్నా పైన అన్నాను. ఆ చివర నుంచి ఈ చివరిదాకా మెల్లిగా తడిమింది. నావైపు తిరిగి నవ్వింది.

“ఇంత పొడుగు పేరా మా అమ్మది!”