కాబోయే మామగారు చూసిన నా వీపు

ఇప్పుడు మీకు చెప్పబోయేది నా పరువు పోయిన వైనం. కొంచెం కొంచెంగా పోలేదండి. ఇంజన్ తిరుగుతున్న విమానం ముందు, పన్నెండు మంది విద్యార్థులు కళ్లప్పగించి చూస్తుండగా, పిల్లనిస్తాడో లేదో అని నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఎదురుచూస్తున్న పెద్దమనిషి సాక్షిగా, ఒక్కసారే మొత్తం పోయింది. మీరు మొహమాటపడకుండా నవ్వండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

నేను ప్యారాచూట్ కట్టుకుని విమానంలోంచి దూకుతాను. అదే నా ఉద్యోగం. దూకాలని వచ్చేవాళ్లకు పాఠాలు చెబుతాను, కొత్తవాళ్లను నా ముందు కట్టుకుని కూడా దూకుతాను. ఈ మాట వినగానే జనం నన్ను మహా ధైర్యవంతుణ్ణి అనుకుంటారు. అయ్యా, ఆ ధైర్యమంతా ఆకాశంలోనే. నేల మీద నా అంత పిరికివాడు వరంగల్‌లో మా మట్టెవాడ పేట మొత్తం గాలించినా దొరకడు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే చెమట పడుతుంది. పళ్ల డాక్టరు గుమ్మం దాకా వెళ్లి మూడుసార్లు వెనక్కి వచ్చాను. చౌరస్తా దాటాలంటే ఎవరైనా ముసలమ్మ వచ్చేదాకా ఆగి, ఆమె పక్కన నడుస్తాను. నేనేదో సాయం చేస్తున్నాననుకుని ఆమె దీవించి పోతుంది.

అలాంటి నేను రూతును ప్రేమించాను. తను దవాఖానలో నర్సు. ప్రేమిస్తున్నానని ఆమెకు చెప్పడానికే నాకు రెండేళ్లు పట్టింది, ఇక వాళ్ల నాన్నకు చెప్పడమా! ఆ పని కూడా తనే చేసింది. ఆయన పేరు దేవదానం. గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరై డోర్నకల్‌లో ఉంటున్నారు. ఒక సాయంత్రం రూతు ఫోన్ చేసింది.

"ప్రభాకర్, డాడీ నీ పనేందో చూస్తా అంటాండు. చూసినంకనే అవునో కాదో చెప్తడట."

"చూసుడంటే? ఫొటోలు పంపియ్యాల్నా?"

"ఫొటోలు గాదు. నీతోని దుంకుతడట."

నాకు అక్కడికక్కడే కుర్చీ కావలసి వచ్చింది. "అరవై రెండేండ్ల మనిషి గదా రూతూ!"

"బీపీ లేదు, షుగర్ లేదు. డాక్టర్ చీటి సుత తెచ్చుకున్నడు. నీకే ఏమన్న ఉన్నదా, చెప్పు."

నాకు ఉన్నదల్లా భయం ఒక్కటే. దానికి ఏ డాక్టరూ చీటీ ఇవ్వడు.

అప్పుడు మేం వరంగల్ ఊరవతల ఒక పాత రన్‌వే మీద వారం రోజుల శిబిరం నడుపుతున్నాం. దేవదానం గారు పొద్దున్నే మొదటి బండికి దిగి, రూతు స్కూటీ వెనక కూర్చుని వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడలో ఎర్ర తువ్వాల. నా నమస్కారం అందుకుని నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, "రాత్రి పండలేదా బిడ్డా?" అన్నారు.

"పండిన అంకుల్. మంచిగ పండిన."

"కండ్లు గట్ల లెవ్వు గదా."

ఆ మాటతో మొదలైంది నా కంగారు.

కంగారుపడ్డవాడు మౌనంగా ఉంటే పోయేది. నేను డాబు మొదలుపెట్టాను. ఆ రోజు క్లాసులో నా గొంతు మామూలు కంటే రెండింతలు పెరిగింది. "నేను మాట్లాడుతుంటే మధ్యల ఎవ్వరు మాట్లాడొద్దు. ప్రశ్నలుంటే ఆఖరికి" అని హుకుం జారీ చేశాను. పరకాల నుంచి వచ్చిన శ్రీలత అనే టీచరమ్మ ముందు వరసలో కూర్చుని నా ప్రతి ముక్కా నోటుబుక్కులో ఎక్కిస్తోంది. నేను దగ్గినా రాసుకుందేమో తెలియదు.

"సామాను మూడుసార్లు చూసుకోవాలె" అన్నాను వేలు ఎత్తి. "మనం ఒకసారి. తోటోడు ఒకసారి. విమానం ఎక్కేముందు ఇంకోసారి. వెయ్యిసార్లు దుంకినోడైనా సరే, చూడకుంట చూసిన్నని అన్నడంటే వానికి ఆకాశంల పని లేదు!"

దేవదానం గారు ఆ ఒక్క మాటకే తలూపారు. ఆ ఊపుడుకు నేను ఇంకో అడుగు ఎత్తు పెరిగాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. క్లాసులో చూపించడానికి మా దగ్గర ఒక ఉత్తుత్తి సంచీ ఉండేది. పట్టీలు, కొక్కేలు అన్నీ అసలు ప్యారాచూట్ సంచీకి ఉన్నట్టే ఉంటాయి. లోపల మాత్రం రెండు పాత దుప్పట్లు, బరువు అలవాటు కావాలని ఒక ఇసుక మూట. మామూలుగా దాన్ని క్లాసు గదిలోనే ఉంచుతాం, అసలువి వేరే గదిలో. ఆ రోజు నేను దేవదానం గారికి తేడా వివరిస్తానని అసలుదాన్ని కూడా మోసుకొచ్చి, రెండూ ఒకే బల్ల మీద పక్కపక్కన బోర్లా పడేశాను. నాకెవరు చెప్పారు అలా చెయ్యమని? ఎవరూ చెప్పలేదు.

క్లాసు అయిపోయింది. మా వంతు వచ్చింది. బాత్రూంకు పరుగెత్తాను, వచ్చాను, మళ్లీ పరుగెత్తాను. రెండోసారి వచ్చేసరికి విమానం ఇంజన్ మోత వినిపిస్తోంది. బల్ల మీది సంచీ వీపుకు తగిలించుకుని, పట్టీలు బిగించుకుని బయటపడ్డాను. గుమ్మంలో మా పెద్దసారు ఎదురొచ్చారు. మా అందరికీ పాఠం చెప్పిన మనిషి. ఆయన చూడనిదే మేం ఎవరమూ విమానం వైపు నడవకూడదు.

"నీ చెకింగ్ అయిందా?" అన్నారు.

కాబోయే మామగారు రెండడుగుల దూరంలో ఉన్నారు. ఆయన ముందు నన్ను చిన్నపిల్లాడిలా అటూ ఇటూ తిప్పి చూస్తే నా పరువేం కాను?

"అయిపోయింది సార్" అన్నాను.

రెండే మాటలు. ఇప్పటికీ అవి గుర్తొస్తే అరచేతులు తడుస్తాయి.

ఆ తర్వాత నా శ్రద్ధంతా దేవదానం గారి పట్టీల మీద పెట్టాను. ఛాతీ పట్టీ చూశాను, కాలి పట్టీలు చూశాను, మళ్లీ ఛాతీ పట్టీకి వచ్చాను. ఆరోసారి ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎన్నిసార్లు చూస్తవ్ బిడ్డా? కొత్త బట్టలకు కొలతలు తీస్కుంటానవా?"

"మీరేం ఫికర్ చెయ్యకున్రి అంకుల్."

"నాకేం ఫికర్? ఫికరంత నీ మొకంల కనవడ్తాంది."

విమానం దగ్గరికి చేరాం. నేను పక్కకు జరిగి, "ఎక్కున్రి అంకుల్" అన్నాను మర్యాదగా.

"నువ్వెక్కు. గార్డు ఆఖరికి ఎక్కుతడు."

"గిది రైలు గాదు అంకుల్."

"ఏదైతేంది? ఎనకకెల్లి సూడంది నేను ఏ బండీ కదలనియ్య."

సరే, పెద్దాయన ముచ్చట అనుకుని ఆయనకు వీపు తిప్పి మెట్టు మీద కాలు పెట్టాను.

అంతే. చెవులు చిల్లులు పడేలా విజిల్ మోగింది. తిరిగి చూద్దును కదా, దేవదానం గారి నోట్లో విజిల్! రిటైరైన మనిషి జేబులో విజిల్ ఎందుకుంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన మెడలోని ఎర్ర తువ్వాల లాగి, విమానం ముందుకు పోయి, రెండు చేతులతో పైలట్ వైపు ఊపుతున్నారు. పైలట్ బెదిరి ఇంజన్ ఆపేశాడు. రన్‌వే అంతా నిశ్శబ్దం. కంచె దగ్గర నుంచి రూతు, "డాడీ, ఏమైంది?" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది.

"బిడ్డా, నీ ఈపు మీద ఏం రాసున్నదో ఎరుకేనా?" అన్నారు ఆయన.

"ఏం రాసున్నది అంకుల్?"

ఆయన అద్దాలు సర్దుకుని, స్టేషన్ పేరు చదివినట్టు గట్టిగా చదివారు. "ఎగరడానికి పనికిరాదు."

ఆ అక్షరాలు రాసింది నేనే. అంతకు ముందు శిబిరంలో ఒక కుర్రాడు పొరపాటున క్లాసు సంచీ తగిలించుకుని విమానం వైపు నడిస్తే, వాణ్ణి అరగంట తిట్టి, ఎర్ర రంగు తెచ్చి బెత్తెడంత అక్షరాలతో స్వయంగా రాశాను. పదివేల అడుగుల ఎత్తులో, ఆ పెద్దాయనను ముందు కట్టుకుని, నేను తాడు లాగి ఉంటే? రెండు దుప్పట్లు. ఒక ఇసుక మూట. ఆ ఆలోచన రాగానే రన్‌వే మీదే చతికిలబడ్డాను.

శ్రీలత మెల్లగా చెయ్యెత్తింది. "సార్, నేను ఇందాకనే చూసిన."

"చూస్తె చెప్పద్దా అమ్మా!"

"మధ్యల మాట్లాడొద్దన్నరు గద సార్. ఇగ మీరు సార్లు, తెలిసే ఏసుకున్నరనుకున్న." నోటుబుక్కు తెరిచి చూపించింది. నిజమే, నా హుకుం మొదటి పేజీలో గీత గీసి మరీ ఉంది.

ఈలోగా పెద్దసారు వచ్చారు. ఆయన మొహం చూడలేకపోయాను. "గీ సంచి గీడికెట్ల వచ్చింది? ఎవరు మార్చిన్రు?" అన్నారు.

ఇక్కడే నా పాడు బుర్ర పనిచేసింది. సామాన్లు సర్దే కుర్రాళ్లు ఇద్దరున్నారు, ఎవరి మీదకు తోసినా సరిపోతుంది. దేవదానం గారు నన్నే చూస్తున్నారు. రూతు కూడా. నిజం చెబితే పిల్ల దక్కదు, ఉద్యోగమూ దక్కకపోవచ్చు.

"ఎవ్వరు మార్చలే సార్" అన్నాను. "నేనే తెచ్చి పెట్టిన, నేనే ఏసుకున్న. చెకింగ్ చెయ్యకుంటనే అయిందన్న. అంకుల్ ముంగట నామోషీ అనిపించింది."

నెల రోజులు ఆకాశం వైపు చూడొద్దని పెద్దసారు అక్కడికక్కడే చెప్పేశారు.

దేవదానం గారు నన్ను లేపి చాయ్ దుకాణానికి తీసుకుపోయారు. చాయ్ వచ్చింది. ఆయన సాసర్‌లో పోసుకుని ఊదుతున్నారు. రూతు నా వైపు చూస్తుంది, వాళ్ల నాన్న వైపు చూస్తుంది.

"నీ క్లాసోళ్లకు ఏం చెప్తవ్ ఇగ?" అన్నారు చివరికి.

"రేపటి సంది క్లాసు మొదలు వెట్టంగనే నా ఈపు సూడమంట అంకుల్. తప్పు కనవడ్తె మధ్యలనే అరువుమంట." అదే ఇప్పటికీ నా మొదటి పాఠం. ఎంత పెద్ద సారైనా తన వీపు తను చూసుకోలేడని ఆ టీచరమ్మే నాకు నేర్పింది.

ఆయన సాసర్ కింద పెట్టారు. "ఒకనాడు నేను సుత సూడకుంట జెండ ఊపిన. బండి తెగి, సగం డబ్బాలు ఎనకనే ఉండిపోయినయ్. ఎవ్వరికేం కాలే. డ్రైవర్ మీద చెప్తె నేను బతికిపోతుంటి. చెప్పలే, నాదే తప్పన్న. జీతం కోసిన్రు గని, ఆ రాత్రి నిద్రవట్టింది." నా వైపు తిరిగి, "భయపడెటోడు మంచోడే. భయపడి సుత అబద్ధమాడనోడు ఇంక మంచోడు. నా బిడ్డను నీకిస్త" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. రూతు తన చున్నీ అంచు అందించింది. ఆ సంతోషంలో నా నోరు ఊరుకోలేదు.

"మరి అంకుల్, నెల అయినంక మనిద్దరం దుంకుదమా?"

ఆయన కుర్చీ ఒక జానెడు వెనక్కి జరుపుకున్నారు.

"బిడ్డనైతె ఇస్త" అన్నారు. "నేనైతె నీతోని దుంక."

ఆ మధ్యాహ్నమే పెద్దసారుతో కలిసి దూకి, తెల్ల చొక్కా నలగకుండా దిగారు.

కనుక, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చూడనిదాన్ని చూశానని నేను ఈ జన్మలో అనను. మా మామగారిని నాతో దూకమని ఇక బతిమాలను. మా పెళ్లయి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఆయన ఇంకో నాలుగుసార్లు దూకారు, నాలుగుసార్లూ వేరేవాళ్లతోనే.