కడిగిన ముఖం

కొరియాలోని నాజు ఊరి చర్మవైద్యశాలలో ఫొటో గదికి వచ్చే పెద్దవాళ్లు చేసే తప్పు ఒకటే. ముస్తాబై వస్తారు. ఫొటో అన్న మాట చెవిన పడితే చాలు, జుట్టు రింగులు తిప్పించుకుని, పౌడరు దట్టించి, కొందరైతే పండుగ బట్టలు కట్టుకుని మరీ దిగుతారు. అక్కడి యంత్రానికేమో కడిగిన ముఖం కావాలి. గడ్డం ఆనించి కళ్లు మూసుకుంటే మామూలు వెలుగులో ఒకటి, కంటికి ఆనని వెలుగులో ఒకటి, ఇలా ఐదారు ఫొటోలు తీసి, చర్మం లోపలి మరకల్ని కూడా తెర మీద పెడుతుంది.

ఆ గది చూసుకునే తాక్ మిగ్యోంగ్ వాళ్లను ఎప్పుడూ విసుక్కోదు. ఆమె తండ్రి ఫొటో స్టూడియో నలభై ఏళ్లు ఆ ఊళ్లోనే నడిచింది. పెళ్లి ఫొటోలు అక్కడే, దీర్ఘాయుష్షు ఫొటోలూ అక్కడే. ఆ రెండోవి వయసు మీద పడ్డాక తీయించుకుని గోడకు పెట్టుకునేవి. మనిషి పోయిన రోజున పూల మధ్య నిలబెట్టేవి. మిగ్యోంగ్ చిన్నప్పటినుంచీ ఆ ముఖాల మీది ముడతల్ని చక్కదిద్దింది. ఏడేళ్ల కిందట స్టూడియో మూతబడ్డాక ఇక్కడ చేరింది. ఇప్పుడు యాభై రెండేళ్లు. చలికాలంలో గడ్డం ఆనించే పలకను ముందు తన అరచేతితో వెచ్చబరుస్తుంది. ఎదుటివాళ్లు ఎలాగూ కళ్లు మూసుకుంటారు కదా అని, ఆ నాలుగు క్షణాల్లో వాళ్ల కోసం దేవుడికి ఒక మాట చెప్పుకుంటుంది.

కోతల పండుగ చుసోక్ ఇంకా పన్నెండు రోజులుందనగా, ఓ పొద్దున బేరితోట ప్యో జోంగ్‌గిల్‌ను ఆయన భార్య ఓక్‌బున్ లాక్కొచ్చింది. తోటలో మందు కొట్టినప్పటినుంచి ఆయనకు కళ్ల చుట్టూ దురద. మెడకు టై, ముఖానికి భార్య పౌడరు.

మిగ్యోంగ్ నవ్వు ఆపుకుంది. “పెద్దాయనా, పెళ్లిచూపులకా?”

“ఇదిగో, ఈవిడ చేసిన ఘనకార్యం. డెబ్బై ఎనిమిదేళ్లొచ్చాక నన్ను బొమ్మను చేసింది.”

“మరి ఆ పొలం ముఖంతో ఫొటో దిగుతావా? తాక్ స్టూడియో అమ్మాయి తీస్తుంటే పరువు పోదూ!” అంది ఓక్‌బున్.

మిగ్యోంగ్ గోరువెచ్చని నీళ్లతో, మెత్తటి గుడ్డతో ఆయన ముఖం తనే తుడిచింది. పౌడరు పోయేసరికి ఎడమ చెంప మీద, చెవికి కాస్త ఇవతల, చిక్కుడుగింజంత నల్లమచ్చ బయటపడింది. తెర మీద అది మరీ నల్లగా, అంచులు వంకరటింకరగా కనిపించింది.

డాక్టరు సొన్ చిన్న వయసు మనిషి, మాట నెమ్మది. దురద సంగతి పక్కన పెట్టి అడిగింది: “ఈ మచ్చ ఎన్నాళ్లుగా ఉంది?”

“పుట్టినప్పటినుంచీ ఉండుంటుంది,” అన్నాడాయన.

“కోతలు కొయ్యకు! ఇది కొత్తది డాక్టరుగారూ.” ఓక్‌బున్ ఫోను తీసి, ఇంట్లో గోడ మీదున్న ఆయన దీర్ఘాయుష్షు ఫొటో చూపించింది. తొమ్మిదేళ్ల కిందటిది. చెంప పెంకు తీసిన గుడ్డులా ఉంది. “చూడండి, మచ్చేదీ?”

“నా ముఖం రోజూ చూస్తూనే ఉన్నావు కదే, నీకు తెలీదూ?”

“నీ ముఖమెక్కడ కనిపిస్తుంది? పొద్దున్నే టోపీ, రాత్రి టీవీ వైపు. నేను చూసేది గోడ మీది ఫొటోనే.”

డాక్టరు నవ్వలేదు. లేనిచోట కొత్తగా వచ్చి, ఇంత నల్లబడితే ఆలస్యం చేయకూడదనీ, రేపే పక్క నగరం గ్వాంగ్జులోని పెద్దాసుపత్రికి వెళ్లాలనీ, మచ్చతోపాటు చుట్టూ కొంత కండ కోసి తీయవలసి రావచ్చనీ మెల్లగా చెప్పింది. పెద్దాయన కాయకోత మాట ఎత్తబోయి ఆగిపోయాడు. ఓక్‌బున్ ఆయన చొక్కా చేతిని పట్టుకుంది, వదల్లేదు.

మిగ్యోంగ్ ఆ ఫోను వంకే చూస్తోంది. అరవై తొమ్మిదేళ్ల రైతుకు అలాంటి చెంప ఏ తోటలోనూ కాయదు. అది తన చేతి పని. ఈ గదిలో ఉన్నదున్నట్టు చూపిస్తుందనే ఆమెకు పేరు.

“డాక్టరుగారూ, ఆ ఫొటోను నమ్మకండి. అది నేనే సరిచేశాను.”

“మచ్చ మీరే తీసేశారా?”

“ఉందో లేదో గుర్తులేదండీ. ఉండుంటే మాత్రం నేను వదిలిపెట్టేదాన్ని కాదు.”

ఓక్‌బున్ అంది, “అసలుది ఉందా తల్లీ?”

“నాన్న ఏదీ పారేయనిచ్చేవారు కాదు. గంటలో వస్తాను.”

ఇంటికి వెళ్లి, తండ్రి బీరువాలో ఏళ్ల వారీగా పేర్చిన డిస్కుల్లోంచి ఆ ఏటిది వెతికి పట్టింది. తిరిగొచ్చేసరికి ముసలిజంట వరండాలోనే ఉన్నారు. ఓక్‌బున్ తెచ్చుకున్న కింబాప్ అన్నపు చుట్టల డబ్బా మూత అప్పటిదాకా తీయనేలేదు. ఇప్పుడు తీసి, ముందు మిగ్యోంగ్ చేతిలో రెండు ముక్కలు పెట్టింది. “పరిగెత్తుకుని వచ్చావు. తిను.”

డిస్కు తెరుస్తుంటే మిగ్యోంగ్ కళ్లు తెరిచే ప్రార్థించింది. చర్చి వాళ్లు పెద్దలందరికీ ఉచితంగా తీయించిన వరస అది. ఒక్కొక్క ముఖమే దాటిపోతోంది. ప్యో జోంగ్‌గిల్ వచ్చాడు. టై అదే. చెవికి ఇవతల, చిక్కుడుగింజంత, అదే మచ్చ.

“అదిగో!” ఓక్‌బున్ అరిచిన అరుపుకు పక్కగది నర్సు తొంగిచూసింది.

డాక్టరు రెండు ఫొటోలూ ఒకే సైజుకు తెచ్చి, పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. అంచులు అవే వంకరలు. తొమ్మిదేళ్లలో పెరిగింది దాదాపు ఏమీ లేదు. “వయసుతో వచ్చే మచ్చలాగే ఉంది. అయినా బియ్యపుగింజంత ముక్క తీసి పరీక్షకు పంపుదాం. ఇక్కడే, ఇప్పుడే. గ్వాంగ్జు సంగతి ఆ ఫలితం వచ్చాక.”

పెద్దాయనకు మాట తిరిగొచ్చింది. “ఏం పిల్లా, నన్నడక్కుండానే చెరిపేశావా? రేపు నేను పైకెళితే మా అమ్మ గుర్తుపట్టొద్దూ?”

“తప్పేనండీ. క్షమించండి.”

“క్షమించకేం చేస్తాలే. నిజం చెప్పావు. చెప్పకపోతే నా చెంప సగం పోయేది.”

వారం తర్వాత ఫలితం వచ్చింది. భయపడాల్సిందేమీ లేదు. ఆ సాయంత్రం ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఈసారి పెద్దాయన ముఖం శుభ్రంగా కడుక్కుని వచ్చాడు, చంకలో గోడ మీది ఫొటో.

“డాక్టరుగారూ,” అని ఓక్‌బున్ అందుకుంది, “లేజరుతో ఐదు నిమిషాల్లో తీసేస్తారటగా. ఆ మచ్చ తీసేయండి. ఫొటోలో ఉన్నట్టు నున్నగా ఉంటాడు.”

“తీయొచ్చు. ఆయనకు ఇష్టమైతే,” అంది డాక్టరు.

ప్యో జోంగ్‌గిల్ భార్య వంక ఒకసారి చూసి, ఫ్రేమును మిగ్యోంగ్ ముందుకు చాపాడు.

“బాగుచేయాల్సింది నన్ను కాదమ్మా, దీన్ని.”

మిగ్యోంగ్ లేచి నిలబడి, రెండు చేతులా అందుకుంది.

“ముడతలు కూడా పెట్టమంటారా పెద్దాయనా?”

“పెట్టు. అన్నీ ఈవిడ పుణ్యమే. ఒక్కటి కూడా వదలకు.”