కాగితం మీద ఐదు

దయ్యాలూ గియ్యాలూ నేనెన్నడూ నమ్మలేదు. శ్మశానం గోడకు ఆనుకున్న ఇంట్లో ఆరేళ్లు గుర్రుపెట్టి నిద్రపోయినవాణ్ణి. పైగా కర్నూలు జిల్లా మొత్తానికి మొట్టమొదట కంప్యూటరు నడిపింది నేనే. అలాంటివాడు చెబుతున్నాడు కాబట్టి కాస్త వినండి.

ఎనభైల చివర్లో ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుమాస్తాను. మా డాక్టరుగారు బెంగళూరు నుంచి కంప్యూటరు తెప్పించారు. రోగి రాగానే నొప్పి, ఆయాసం, జ్వరం, నీరసం ఎంతున్నాయో నేను అడగాలి. ఏమీ లేకపోతే సున్నా, ఓర్చుకోలేకపోతే ఐదు. వాళ్లు చెప్పిన అంకె నొక్కితే ప్రింటరు కీచుమంటూ కాగితం కక్కుతుంది. ఐదు ఉన్నవాళ్లను డాక్టరుగారు ముందు పిలుస్తారు. నెలనెలా వచ్చేవాళ్లకు అన్నీ సున్నాలైతే, ఆయన చూడకుండానే పాత మాత్రలిచ్చి పంపేస్తాం.

చెప్పుకోవడానికి తేలికే. అడిగి చూడండి తెలుస్తుంది! "నీకు తోచింది ఎయ్యి సారూ" అంటారు. నందవరం ఆయనొకడు, "ఏదేస్తే జల్దీ పిలుస్తారో అదెయ్యప్పా, బస్సు పోతాది" అన్నాడు. ఒకావిడ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివర్లో, "ఇవన్నీ మా యత్తకు సారూ, ఆమె ఇంటికాడుండాది" అంది. రోజుకు నలభై మందితో ఇదే గోల.

అలాంటి ఒక పొద్దున ఎమ్మిగనూరు నుంచి మాబున్నీ వచ్చింది. మగ్గాలకు నూలు చుట్టే ముసలామె. నెలనెలా మోకాళ్ల మాత్రలకు వచ్చేది. అన్నీ బాగున్నాయంది. అన్నిటికీ సున్నా నొక్కాను. కాగితం మీద ఆయాసం పక్కన ఐదు!

వేలు జారిందనుకుని మళ్లీ సున్నా నొక్కాను. మళ్లీ ఐదు. మూడోసారి మీట మీద కళ్లు పెట్టి మరీ నొక్కాను. తెర మీద సున్నా, కాగితం మీద ఐదు. ఆమెకు ముందూ వెనకా వచ్చినవాళ్ల కాగితాలు మాత్రం సరిగ్గానే ఉన్నాయి.

ఒళ్లు మండి ఆ కాగితం చించబోతే, నర్సు సునందమ్మ లాక్కుని లోపలికి తీసుకుపోయింది. డాక్టరుగారు ఛాతీ పరీక్షించారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అప్పటికప్పుడు జీపులో కర్నూలు పంపారు. ఇంకో పూట ఆగివుంటే దక్కేది కాదట. మూడు వారాలకు నడుచుకుంటూ వచ్చి దండం పెట్టింది. నాకు కాదు, కంప్యూటరుకు.

బెంగళూరు మెకానిక్ వచ్చి యంత్రమంతా విప్పి చూశాడు. లోపమేమీ లేదన్నాడు.

ఇక ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. కంప్యూటరు నడపడమంటే అంకెలు నొక్కడమే. దాన్ని వేసేదీ ఆపేదీ డాక్టరుగారే. జిల్లాలో అది మొదటిదో పదోదో నాకు తెలియదు. శ్మశానం మా ఇంటికి రెండు మైళ్లు. కానీ ఆ ఐదు మాత్రం నిజం. అదెలా వచ్చిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ఇంతవరకు రాసి, మా వీధిలోనే ఉంటున్న సునందమ్మకు చదివి వినిపించాను. ఆమె కళ్లద్దాలు తీసి నావంక చూసింది.

"మిషను సంగతి నాకు తెలీదన్నా. ఆయమ్మ బాగుండానని యాడ సెప్పింది? ఊపిరాడ్లేదు సారూ అని మూడు తూర్లు సెప్పింది. నేను పక్కనే ఉంటి. నువ్వు తల గూడా ఎత్తకుండా మూడు తూర్లూ సున్నానే కొడితివి."